కప్పం కట్టనన్నోళ్ల పిల్లలం, పన్నుల చదువు మనదే

మేడారంలో యుద్ధం ఎందుకు జరిగింది? జాతరకు పోయే ప్రతి పిల్లగాడికీ ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. కరువొచ్చింది, పంట పండలేదు, కప్పం కట్టలేమని మనోళ్లు చెప్పారు, ఓరుగల్లు నుంచి ప్రతాపరుద్రుని సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు పోయాడు. సారలమ్మ పోయింది. జంపన్న సంపెంగ వాగులో పడి ఆ వాగుకు తన పేరు ఇచ్చిపోయాడు. సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగైంది. పెద్దలు చెప్పే ఈ కథను మనం మొక్కుతూ వింటాం, పాడుకుంటూ ఏడుస్తాం. నేను కామర్స్ చదివినవాణ్ని కాబట్టి నాకు అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. అది పన్ను మీద జరిగిన కొట్లాట. పంట లేని ఏడు పన్ను వేయొచ్చా? కట్టే శక్తి ఉందో లేదో ఎవరు కొలవాలి? వసూలు చేసిన సొమ్ము ఎవరి కోసం ఖర్చవుతుంది? పన్నుల శాస్త్రం ఏ పుస్తకం తెరిచినా మొదట ఎదురయ్యేవి ఈ మూడు ప్రశ్నలే.

ఆ ఓరుగల్లులోనే, ఆ రాజుల వంశం పేరుతోనే 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కప్పం అడిగినవాళ్ల పేరున్న యూనివర్సిటీలో కప్పం కట్టనన్నవాళ్ల పిల్లలు తెలుగు చదివారు, చరిత్ర చదివారు, సోషల్ వర్క్ చదివారు. మంచిదే. కానీ నేను అక్కడ ఎం.కాం. చదివిన రోజుల్లో ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు నా దగ్గర ఇంటర్ చదివే పిల్లల్ని పీజీ ఏం చేస్తారని అడిగితే ఎం.కాం. పేరు ఎత్తేవాళ్లు ఒకరిద్దరు కూడా ఉండరు.

అందుకే ఈ వ్యాసం. చెప్పదలచుకున్నది ఒకటే మాట. కార్పొరేట్ ఫైనాన్స్, అకౌంటింగ్, ట్యాక్సేషన్ మన పిల్లలు పీజీ స్థాయిలో చదవాల్సిన చదువు. ఉద్యోగం కోసం మాత్రమే కాదు. చట్టం మనకు ఇచ్చిన హక్కుల్లో చాలా వరకు శాతాల రూపంలో, రూపాయల రూపంలో రాసి ఉన్నాయి. ఆ లెక్క చదవలేకపోతే ఆ హక్కు ఉన్నా లేనట్టే.

"షావుకార్ల చదువు నీకెందుకురా?"

ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి అయిపోయాక మా సారు ఒకాయన నన్ను పిలిచి ఏ గ్రూపు తీసుకుంటావని అడిగాడు. సీఈసీ అన్నాను. "కామర్సా? అది షావుకార్ల చదువు. నీకెందుకురా? హెచ్ఈసీ తీసుకో, టీచర్ ట్రైనింగ్ చెయ్యి, ఊళ్లోనే ఉద్యోగం" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా ఫీజుకు తన జేబులో నుంచి డబ్బులిచ్చిన మనిషి. కానీ ఆయన నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాట మన పిల్లలను ఎన్ని ఏళ్లుగా ఎన్ని తలుపుల దగ్గర నుంచి వెనక్కి పంపిందో ఆయనకు తెలియదు.

షావుకారు చదువు షావుకారుకే ఎందుకు ఉండాలి? మా అమ్మ తునికాకు తెంపేది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. సాయంత్రం కల్లం దగ్గర కట్టలు వరుసగా పేర్చేది. కల్లేదారు లెక్కపెట్టేవాడు. ఎండితే తగ్గుతది, చిరుగుతది అంటూ నూటికి రెండు మూడు కట్టలు తరుగు కింద తీసేసి మిగిలినవే పుస్తకంలో రాసేవాడు. తరుగు అంటే దేవుడు పెట్టిన నియమం అనుకునేవాళ్లం. ఎవరూ అడగలేదు.

ఏళ్ల తర్వాత కాస్ట్ అకౌంటింగ్ క్లాసులో సారు బోర్డు మీద 'నార్మల్ లాస్' అని రాశారు. ఏ సరుకులోనైనా ఎండడం వల్లో చిరగడం వల్లో మామూలుగా కొంత పోతుంది. ఆ నష్టాన్ని వ్యాపారి తన ఖర్చులో కలుపుకొని మిగిలిన మంచి సరుకు ధర మీద వేసుకోవాలి. అదీ సూత్రం. నేను పెన్ను కింద పెట్టి కూర్చున్నాను. వ్యాపారి ఖర్చులో రాసుకోవాల్సిన నష్టాన్ని మా అమ్మ కూలీలో కోశారన్నమాట. ఒకే నష్టాన్ని మా అమ్మ దగ్గర ఒకసారి, కొనేవాడి దగ్గర ఒకసారి, రెండుసార్లు వసూలు చేశారేమో కూడా. అది తెలుసుకోవడానికి నాకు పదిహేడేళ్ల చదువు పట్టింది. ఆ చదువును మా సారు షావుకార్లకు వదిలేయమన్నాడు!

వందలో నాలుగు రూపాయల ఇరవై పైసలు

అకౌంటింగ్ అంటే జమ, ఖర్చు రాయడం అనుకుంటారు. కాదు. దేన్ని జమ అనాలి, దేన్ని ఖర్చు అనాలి, దేన్ని అసలు రాయకుండా వదిలేయాలి అని నిర్ణయించడం అకౌంటింగ్. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం.

మన పక్కనే ఉన్న బొగ్గు చూద్దాం. సింగరేణి కాలరీస్ 1920లో కంపెనీగా రిజిస్టరైంది. ఇవాళ అందులో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. మన పాత వరంగల్ జిల్లాలోని భూపాలపల్లి నుంచి కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందు దాకా గోదావరి లోయ పొడవునా దాని గనులున్నాయి. ఆ గనులున్న నేల చాలా చోట్ల మన నేల.

2015లో గనుల చట్టానికి సవరణ చేసి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టాలన్నారు. అదే డీఎంఎఫ్‌టీ. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం గనులు నడిపేవాళ్లు ఈ నిధికి కట్టాలి. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. ఇక లెక్క వేయండి. వంద రూపాయల బొగ్గు తవ్వితే రాయల్టీ 14 రూపాయలు. పాత లీజు అయితే అందులో 30 శాతం, అంటే 4 రూపాయల 20 పైసలు, గని వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం పక్కన పెట్టాలి. ఇది రాయల్టీలో నుంచి కోసేది కాదు, రాయల్టీకి అదనంగా కట్టేది. ఈ నాలుగు రూపాయల ఇరవై పైసలు ఎవరి దయా కాదు. చట్టం.

ఇంకో మాట కూడా ఉంది. ఈ నిధి ఖర్చు చేసే పథకం నిబంధనల ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పనులకు గ్రామసభ ఆమోదం కావాలి. ఆర్థిక సంవత్సరం అయిపోయాక ఊళ్లో ఏ పనికి ఎంత ఖర్చైందో గ్రామసభకు నివేదిక ఇవ్వాలి. ఫౌండేషన్ లెక్కలు ప్రతి ఏడూ ఆడిట్ కావాలి. మీ ఊరు గనుల ప్రాంతంలో ఉంటే మీ గ్రామసభ ముందు ఆ నివేదిక చదివిన రోజు ఒక్కటైనా గుర్తుందా? ఒకవేళ అధికారి వచ్చి చదివినా, ఎక్కువ ప్రభావిత గ్రామాలకు పోవాల్సిన సొమ్ము పట్నం రోడ్డుకు పోయిందని ఆ కాగితం చూసి పట్టుకునే మనిషి ఊళ్లో ఉన్నాడా? లేకపోతే ఆ గ్రామసభ చేతులెత్తడానికే తప్ప ఎందుకూ పనికిరాదు.

1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు గురించి మన ప్రతి సభలో మాట్లాడుకుంటాం. విశాఖ మన్యంలో బొర్రా దగ్గర గనుల లీజుల మీద వచ్చిన తీర్పు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. అంతవరకు అందరికీ తెలుసు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పరిశ్రమ నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టి నీళ్లు, బడులు, ఆస్పత్రులు, రోడ్ల కోసం వాడాలని, అడవి మళ్లీ పెంచే ఖర్చు దీనికి వేరుగా ఉండాలని అంది. మన వక్తలు '20 శాతం' అన్న మాటను గట్టిగా పలుకుతారు. 'నికర లాభం' అన్న మాటను మింగేస్తారు. అసలు కీలకమంతా ఆ రెండో మాటలోనే ఉంది. యంత్రాల తరుగుదల ఎక్కువ చూపినా, తమ గ్రూపులోని మరో కంపెనీకి ఎక్కువ వడ్డీ కట్టినట్టు చూపినా, సరుకు అదే గ్రూపుకు తక్కువ ధరకు అమ్మినా నికర లాభం సున్నా అవుతుంది. సున్నాలో 20 శాతం ఎంత? ఈ లెక్కకు ఎం.కాం. అక్కర్లేదు. కానీ ఆ సున్నా ఎట్లా వచ్చిందో పట్టుకోవడానికి ఎం.కాం. కావాలి.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. అమెరికాలోని అలాస్కాలో 1971లో మూలవాసుల భూమి హక్కుల పరిష్కార చట్టం వచ్చింది. మూలవాసులే వాటాదార్లుగా ప్రాంతీయ కంపెనీలు పెట్టారు. ఒక ప్రాంతంలో అడవి, గనుల మీద వచ్చే ఆదాయంలో 70 శాతం అన్ని ప్రాంతాల కంపెనీలూ పంచుకోవాలన్నారు. అయితే ఆదాయం అంటే ఏది, అందులో నుంచి ఏ ఖర్చు తీసేయొచ్చు అన్నదాని మీద వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి 1982లో ఒక ఒప్పందానికి వచ్చారు. సొంత కంపెనీల మధ్యనే ఒక్క మాట అర్థం తేల్చుకోవడానికి అన్నేళ్లు పట్టింది. బయటి కంపెనీతో మనకు ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి.

కమలాపురం నేర్పే పాఠం

ఫైనాన్స్ అంటే షేర్ మార్కెట్ అనుకునే తమ్ముళ్లకు మంగపేట మండలం కమలాపురం చూపిస్తాను. అక్కడ రేయాన్ గుజ్జు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. వెదురు, జామాయిల్ కర్రతో నడిచింది. దాని చుట్టూ ఒక ఊరు పెరిగింది, హోటళ్లు పెరిగాయి, లారీలు పెరిగాయి. 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. దాన్ని నడిపిన బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

దివాలా చట్టం 2016లో వచ్చింది. కంపెనీ ఆస్తులు అమ్మి డబ్బు పంచాల్సి వస్తే ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది 53వ సెక్షన్ చెబుతుంది. అందరికన్నా ముందు ఆ ప్రక్రియకైన ఖర్చులు. తర్వాత తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకులు, వాళ్లతో సమానంగా కార్మికులకు వెనకటి 24 నెలల బకాయిలు. ఆ తర్వాత మిగతా ఉద్యోగులకు 12 నెలల జీతాలు. తర్వాత తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లు, ఆ వెనుక ప్రభుత్వ బకాయిలు, అందరికన్నా చివర వాటాదార్లు. కంపెనీని అమ్మకుండా ఇంకొకరికి అప్పగించినప్పుడు కూడా బకాయిదార్లకు కనీసం ఎంత ఇవ్వాలన్నది ఈ వరుసను బట్టే లెక్కగడతారు.

ఇప్పుడు తేదీలు చూడండి. ఫ్యాక్టరీ ఆగింది 2014లో. దివాలా ప్రక్రియ మొదలైంది 2020లో. అక్కడి నుంచి 24 నెలలు వెనక్కి లెక్కపెడితే 2018 దగ్గర ఆగుతాం. పని ఆగిన నాటి బకాయిలు ఆ గీతకు అవతల పడే ప్రమాదం ఉంది. ఆలస్యం ఎవరిని తింటుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. మరి అడవిలో వెదురు కొట్టినవాడు, కర్ర మోసినవాడు, కాంట్రాక్టరు కింద రోజుకూలీ చేసినవాడు? వాళ్లు కంపెనీ పుస్తకాల్లో కార్మికులు కూడా కారు. కాంట్రాక్టరు బిల్లులో ఒక అంకె. దివాలా ప్రక్రియ మొదలైతే బకాయిలున్నవాళ్లు గడువులోగా ఆధారాలతో క్లెయిమ్ వేయాలని ప్రకటన వస్తుంది. కార్మికులందరి తరఫున ఒక ప్రతినిధి వేసే ఫారం కూడా ఉంది. ఆ ప్రకటన పేపర్లో వచ్చిన రోజు ఊళ్లో దాన్ని చదివి, ఇది మన గురించే అని చెప్పి, అందరి పేర్లు రాసి ఫారం నింపే ఒక్క మనిషి ఉంటే ఎంత తేడా! ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ధర్నా చేయడం మనకు వచ్చు. మూతపడకముందే దాని బ్యాలెన్స్ షీట్‌లో అప్పు ఎంత పెరుగుతోందో చూసి, మన బకాయిలు ముందే రాబట్టుకోవడం రావాలి. కార్పొరేట్ ఫైనాన్స్ నేర్పేది అదే.

మనం పన్ను కట్టడం లేదా?

మన ఉద్యోగుల్లో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ఎస్టీలకు ఇన్‌కం ట్యాక్స్ లేదట! ఎవరో చెప్పారు, వాట్సాప్‌లో కూడా వచ్చింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 10(26) అనే నిబంధన ఉన్న మాట నిజం. అది ఈశాన్య రాష్ట్రాల్లో పేర్కొన్న ప్రాంతాల్లో, లద్దాఖ్‌లో ఉండే షెడ్యూల్డ్ తెగలవాళ్లకు అక్కడి ఆదాయం మీద ఇచ్చిన మినహాయింపు. భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం అందులో లేవు. నాగాలాండ్ ఆదివాసీకి ఉన్నది కోయకూ గోండుకూ లంబాడాకూ ఎందుకు లేదు? ఐదో షెడ్యూల్ ప్రాంతం ఏం తక్కువ చేసింది? ఇది అడగాల్సిన ప్రశ్న. కానీ ఉన్నదనుకొని కూర్చుంటే ఎప్పటికీ అడగం. చట్టం చదివినవాడే లేనిదాన్ని లేదని గుర్తుపట్టి అడగగలడు.

ఇంకోవైపు బయటివాళ్లు అంటారు, గిరిజనులు పన్నులు కట్టకుండా పథకాలు తింటున్నారని. ఈ మాట విని తలవంచుకునే పిల్లలను చూశాను. తలెత్తండి. సెల్‌ఫోన్ రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ మీ నాన్న కడుతున్నాడు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తునికాకు మీద కూడా 18 శాతం వేశారు. దాన్ని 5 శాతానికి తగ్గించాలని జీఎస్టీ మండలి నిర్ణయించడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. ఆ పన్ను కాగితం మీద వ్యాపారి కడతాడు. కానీ వ్యాపారి పన్నును ముందే లెక్కవేసుకుని ఆకు ధర కోట్ చేస్తాడు. భారం ఎవరి మీద పడుతుందన్నది పన్నుల పాఠాల్లో పెద్ద అధ్యాయం. మా అమ్మ ఆ అధ్యాయంలోనే ఉంది, పేరు లేకుండా.

తెలియక పోగొట్టుకున్నవి కూడా ఎన్నో. పాన్ ఇవ్వకపోతే చాలా చెల్లింపుల్లో 20 శాతం టీడీఎస్ కోస్తారు. ట్రాక్టరు, బోలెరో కాంట్రాక్టుకు తిప్పే మన కుర్రాళ్లు కోసింది కోసినట్టే వదిలేస్తున్నారు. రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుందని వాళ్లకు చెప్పినవాడు లేడు. 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద ఇచ్చే పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. 2016 అక్టోబరులో ప్రత్యక్ష పన్నుల బోర్డు 36వ నంబరు సర్క్యులర్‌లో ఈ మాటే స్పష్టం చేసింది. అయినా మా బంధువొకాయనకు ఇంటిస్థలం పరిహారంలో పదిశాతం కోసి ఇచ్చారు. "సర్కారు కోసింది, ఇక రాదులే" అన్నాడాయన. రిటర్న్ వేయించాను. కొన్ని నెలలకు బ్యాంకులో పడింది. ఆయన నా చేయి పట్టుకొని, "ఇదేనా నువ్వు చదివింది?" అన్నాడు. ఇదే చదివాను బాబాయ్. మీ అందరి పిల్లలూ చదవాల్సింది కూడా ఇదే.

బడ్జెట్ సంగతి కూడా ఇంతే. ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. తెలంగాణలో దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. ఖర్చు కాని సొమ్మును తర్వాతి ఏడాదికి కలపాలని అందులో ఉంది. బడ్జెట్ పుస్తకంలో మూడు గడులుంటాయి: అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు. మంత్రులు మొదటి గడి చదువుతారు. పేపర్లు మొదటి గడి రాస్తాయి. మనం మూడో గడి చదవాలి. రెండేళ్ల నాటి పుస్తకం పక్కన పెట్టుకుని, మిగిలింది ఈ ఏడాదిలో కలిపారా లేదా అని చూడాలి. ఇది ఒక మధ్యాహ్నం పని. చదివినవాడికి.

ఎదురు మాటలకు జవాబు

మన ఉద్యమ మిత్రులు కొందరు అంటారు: ఇది కంపెనీల చదువు, చదివినవాడు కంపెనీ పక్షాన చేరతాడు. ఈ భయం ఉత్తది కాదు. చేయని పనికి వినియోగ ధ్రువపత్రం రాసిచ్చిన చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి. దాచను. కానీ వకీలు చదువు కూడా మనల్ని జైళ్లలో పెట్టినవాళ్ల చదువే కదా? ఆ చట్టం భాషలోనే వాదించి సమత తీర్పు తెచ్చుకున్నాం. 1/70 మీద వచ్చిన ప్రతి దాడినీ ఆ భాషలోనే ఎదుర్కొంటున్నాం. చదువు చెడగొడుతుందని భయపడి చదువు మానేస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. ఇంకొకడు కూర్చుంటాడు. అతనికి మన ఊరు పేరు కూడా తెలియదు.

వ్యాపారం మన సంస్కృతి కాదని ఇంకొందరు అంటారు. లంబాడా తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా లదేణి తిరిగారు. వందల ఎద్దులు, నెలల ప్రయాణం, అప్పు, వాటా, నష్టం, అన్నీ నోటిలెక్కే. ఆ బతుకును తెల్లవాడి రైలు, ఉప్పు పన్ను దెబ్బతీశాయి. కోయ సంతలో ఇప్పపువ్వుకు ఉప్పు, చింతపండుకు బట్ట మారకం వేసిన ముసలమ్మకు లెక్క రాదని ఎవరన్నారు? రానిది లెక్క కాదు, లెక్క రాసిన పుస్తకం. ఆ పుస్తకం మన చేతికి రాకుండా చూశారు, అంతే.

ఉద్యోగం రాదన్న మాటకు జవాబు చెబుతాను. గ్రూప్-1లో కమర్షియల్ ట్యాక్స్ అధికారి, గ్రూప్-2లో సహాయ వాణిజ్య పన్నుల అధికారి, గ్రూప్-3లో సీనియర్ అకౌంటెంట్ కొలువులున్నాయి. ఈ పనులకు ఈ చదువే సరైన పునాది. 2022లో తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. నెట్ రాస్తే అధ్యాపక వృత్తి ఉంది. పీహెచ్‌డీకి ఎస్టీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్పులు ఏడాదికి 750 ఉన్నాయి. కామర్స్ డిగ్రీలో 55 శాతం వస్తే సీఏ ఫౌండేషన్ రాయకుండానే ఇంటర్మీడియెట్‌లో చేరొచ్చు. కష్టం లేదని చెప్పను. హన్మకొండ ఆడిట్ ఆఫీసుల్లో మొదటి రెండేళ్లు ఇచ్చేది గది అద్దెకు కూడా సరిపోదు, పరిచయాలుండవు, పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పీజీలో ఇంగ్లీషు. మూడు మెట్లు ఒక్కసారి ఎక్కాలి. కానీ ఇప్పుడొక మంచి సమయం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. ముప్పై ఏళ్లుగా పాతవి బట్టీ పట్టినవాళ్లు కూడా మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. అందరూ ఒకే గీత మీద నిలబడే అవకాశం మనలాంటోళ్లకు మళ్లీ మళ్లీ రాదు.

అడగాల్సినవి

సార్లూ, మేడమ్‌లూ! పదో తరగతి పిల్లకు లెక్కలు కొద్దిగా వస్తే ఆమెను సీఈసీ వైపు చూడనివ్వండి. జమాఖర్చు మొదటి పాఠం సంత నుంచి చెప్పండి. తరుగు అంటే ఏమిటో కల్లం దగ్గర చెప్పండి. డెబిట్, క్రెడిట్ వాటంతట అవే వస్తాయి.

కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.కాం. ప్రాజెక్టులు ఎప్పుడూ బ్యాంకుల మీద, మోటారు కంపెనీల మీదే ఎందుకు ఉండాలి? ఖనిజ ఫౌండేషన్ ఖాతాల మీద, ప్రత్యేక అభివృద్ధి నిధి మీద, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు ధర మీద, అమ్మకం ధర మీద ప్రాజెక్టులు చేయించండి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. అక్కడ ఫైనాన్స్, అకౌంటింగ్, ట్యాక్సేషన్ పీజీ ఉండాలని, అందులో గ్రామసభ ఖాతాల ఆడిట్ ఒక పేపరుగా ఉండాలని మనమే అడగాలి. కప్పానికి ఎదురు నిలిచిన తల్లి పేరు పెట్టుకున్న యూనివర్సిటీలో పన్నుల చదువు లేకపోతే ఆ పేరుకు అర్థమేముంది? ఐటీడీఏ మన ఎం.కాం. పిల్లలను స్టైపెండ్ ఇచ్చి తన అకౌంట్స్ సెక్షన్‌లో శిక్షణకు తీసుకోవాలి. డబ్బు మన పేరున వస్తుంది, ఆ పుస్తకం రాయడం మన పిల్లలు ఎందుకు నేర్వకూడదు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు చెప్పేది చిన్నది. ఊరికొకరు చాలు. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి మీ ఊరికి వచ్చిన నిధుల లెక్క తెప్పించండి. వచ్చే గ్రామసభలో ఆ కాగితం పట్టుకొని నిలబడండి. మీ భాషలో చదవండి, కోయలోనో గోర్‌బోలిలోనో గోండిలోనో. ఎంత వచ్చింది, ఎంత ఖర్చైంది, ఎంత మిగిలింది అని మూడు వాక్యాలు చదివి, నాలుగోది అడగండి: మిగిలింది ఎక్కడుంది?

ఆ ప్రశ్న అడిగాక సభలో కాసేపు ఎవరూ మాట్లాడరు. నేను చూశాను. ఆ నిశ్శబ్దంలో మా ఊరి ముసలాయన ఒకాయన లేచి, "మళ్లొకసారి చదువు బిడ్డా" అన్నాడు. ఆ మాట కోసమే ఈ చదువు చదవండి.